చొప్పనుండి యింధనము



భారత, అమెరికా ప్రభుత్వములు శుద్ధశక్తి పరిశోధనకై 2010లో నొడంబడిక చేసికొని, యైదేండ్లకు నొక్కొక్కటి 2.5 కోట్ల డాలర్ల నొసఁగ సంకల్పించినవి. 2012లో నెన్నుకొనఁబడిన మూఁడు కూటములలో నొకదానికి హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థయు, ఫ్లోరిడా విశ్వవిద్యాలయమును నాయకత్వము వహించినవి. జొన్న, సజ్జ మొదలగువాని చొప్పలోని నారను విడఁగొట్టి, చక్కెరగా మార్చి, పులియఁబెట్టి, మోటారులకు నింధనమగు మద్యసారమును దీయుట యందలి క్రమము. విడఁగొట్టుటయే కష్టము.

కాని యా చొప్ప మన పసులకు గ్రాసము గదా! కఱవునాఁడు దాని విలువ మనకుఁ దెలిసినట్లు ఫ్లోరిడాకుఁ దెలియునా? ఆ మాట చెప్పువాఁడు పరిశోధనశాలలోనే యుండవలెను. మన బిడ్డలు శ్రీసిటీలో కొలువులకుఁ బోవుచున్నారు, సంతోషమే. పరిశోధనకుఁ బోవువారేరీ? సత్రమునకు నీయేఁడు సున్నము వేయుట మానినను సరే, రసాయనశాస్త్రము చదువు నొక్క బాలికకైనను విద్యార్థివేతన మొసఁగుఁడని దాతలను వేఁడుచున్నాను.