రిపోర్టులో పాజిటివ్ అని ఉంటే – యాంటీబాడీల గురించి నాలుగు మాటలు



జెబెల్ అలీ ఫ్రీ జోన్ లో పనిచేసే మన తెలుగువాళ్ళలో మెడికల్ కి వెళ్ళి రక్తం ఇవ్వనివాళ్ళు ఉండరు. వీసా వేసేటప్పుడు ఒకసారి, రెన్యువల్ కి మళ్ళీ ఒకసారి. ఆ చిన్న గొట్టంలో పట్టిన రక్తంలో ఏం వెతుకుతారో మాత్రం చాలామందికి తెలియదు. మా రూంలో జగిత్యాల వైపు తమ్ముడు ఒకడున్నాడు. సెలవులో ఊరెళ్ళినప్పుడు చేయించుకున్న రక్త పరీక్ష కాగితం ఫోన్లో తెప్పించుకుని చూసి, "హెపటైటిస్ బి పాజిటివ్ అని ఉన్నది, నా వీసా పోయినట్టే గదా అన్నా" అని రెండు రోజులు అన్నం ముట్టలేదు. కాగితం సరిగ్గా చదివితే బాధ పడాల్సిందేమీ లేదు. ఎందుకు లేదో తెలియాలంటే యాంటీబాడీ అంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. బడి పుస్తకాల్లో దీన్నే ప్రతిరక్షకం అన్నారు.

అది రక్తంలో తిరిగే ఒక ప్రోటీను. ఆకారం మన పంగలకర్ర లాగా ఉంటుంది. రెండు పొడుగు గొలుసులు, రెండు పొట్టి గొలుసులు, వాటిని కలిపి పట్టుకునే గంధకపు బంధాలు. ఈ నిర్మాణం విప్పి చూపించినందుకే అమెరికా శాస్త్రవేత్త ఎడెల్మన్ కీ, ఇంగ్లాండు శాస్త్రవేత్త పోర్టర్ కీ 1972లో నోబెల్ బహుమతి ఇచ్చారు. పంగ రెండు కొసలూ సూక్ష్మజీవిని పట్టుకునే చేతులు. మన వేర్‌హౌస్ లో స్కానర్ ఏ బార్‌కోడ్ పెట్టినా చదువుతుంది. యాంటీబాడీ అలా కాదు, తనకు సరిపడిన ఆ ఒక్క గుర్తునే పడుతుంది. ఆ గుర్తు పేరు యాంటీజెన్. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పని పడుతుంది.

చేతులు పట్టుకుంటే, కింది కాడ కబురు పెడుతుంది. దాన్ని చూసి తెల్లకణాలు వచ్చి ఆ క్రిమిని మింగేస్తాయి. కొన్నిసార్లు చేతులు వైరస్ ని చుట్టేస్తే చాలు, అది మన కణంలోకి దూరలేదు.

ఇవి ఐదు రకాలు. కొత్త జబ్బు రాగానే ముందు వచ్చేది ఐజీఎం. ఐదు పంగలకర్రలు కలిపి కట్టినట్టుంటుంది, పది చేతులన్నమాట. తర్వాత ఐజీజీ వస్తుంది. రక్తంలోని యాంటీబాడీల్లో సుమారు నాలుగింట మూడొంతులు ఇదే. తల్లి నుంచి కడుపులో బిడ్డకు చేరేదీ ఇదే. ఐజీఏ ఉమ్మిలో, కన్నీళ్ళలో, తల్లిపాలలో ఉంటుంది. ముర్రుపాలలో మరీ ఎక్కువ. ముర్రుపాలు పిండి పారబోసే అలవాటు మన ఊళ్ళలో ఇంకా ఎక్కడైనా ఉంటే, ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ ముక్క చెప్పండి. దుమ్ము పడక తుమ్ములు, దద్దుర్లు వచ్చేవాళ్ళు తిట్టుకోవాల్సింది ఐజీఈని. నులిపురుగుల లాంటి వాటితో పోరాడేదీ అదే. ఐదోది ఐజీడీ, యాంటీబాడీలు తయారుచేసే బి కణాల పైన కూర్చుని ఉంటుంది.

ఇప్పుడు ఒంటెల దగ్గరకు వద్దాం. ఎమిరేట్స్ లో ఉంటూ ఒంటెను చూడనివాళ్ళెవరు? దాని రక్తంలో మామూలు యాంటీబాడీలతో పాటు, పొట్టి గొలుసులు అసలే లేని ఒక చిన్న రకం కూడా ఉందని 1993లో బెల్జియం శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ చిన్న చేతులను ఆధారం చేసుకుని చేసిన మొదటి మందుకు, సన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే ఒక అరుదైన జబ్బు కోసం, 2018లో యూరప్ లో అనుమతి వచ్చింది.

ఒంటెదే ఇంకో కథ. మెర్స్ వైరస్ ని మొదట గుర్తించింది 2012లో, సౌదీ రోగి ఒకరిలో. తర్వాత పరిశోధకులు ఎమిరేట్స్ ఒంటెల రక్తం 651 నమూనాలు పరీక్షించారు. అందులో 151 నమూనాలు 2003లో తీసి దాచిపెట్టినవి, మిగతావి 2013వి. మొత్తం 632 నమూనాల్లో మెర్స్ యాంటీబాడీలు దొరికాయి. మనిషి ఆ వైరస్ కి పేరు పెట్టకముందే ఒంటె రక్తం దాన్ని గుర్తుపెట్టుకుందన్నమాట. కానీ ఆ ఒంటెలన్నీ ఆ రోజు జబ్బుతో ఉన్నాయని కాదు. వైరస్ వచ్చి వెళ్ళిపోయినా యాంటీబాడీ మిగులుతుంది.

మన కాగితాల సంగతీ ఇంతే. హెపటైటిస్ బి లో రెండు పరీక్షలున్నాయి. హెచ్‌బీఎస్ ఏజీ అంటే వైరస్ తాలూకు యాంటీజెన్. అది పాజిటివ్ అయితే వైరస్ ఒంట్లో ఉన్నట్టు, డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. యాంటీ హెచ్‌బీఎస్ అంటే దాని మీద మన యాంటీబాడీ. మొదటిది నెగటివ్, రెండోది పాజిటివ్ అయితే రక్షణ ఉన్నట్టు. మా తమ్ముడిది ఇదే. చిన్నప్పుడు టీకా వేయించారట. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ వాళ్ళు 1997లో మన దేశంలోనే ఆ టీకా తయారుచేసి చవకగా అమ్మారు, లేకపోతే అప్పట్లో సామాన్యుడికి అందే ధర కాదు.

హెపటైటిస్ సి లో తిరకాసు ఉంది. మందులతో పూర్తిగా నయమైనా యాంటీబాడీ ఉండిపోతుంది. వైరస్ ఇప్పుడు ఉందా లేదా అన్నది ఆర్ఎన్ఏ పరీక్షే చెప్పాలి. హెచ్ఐవి లో అలా కాదు, ఆ వైరస్ దానంతట అది పోదు, కాబట్టి యాంటీబాడీ ఉంటే వైరస్ ఉన్నట్టే. అయినా మొదటి పాజిటివ్ తో తేల్చరు, మళ్ళీ వేరే పరీక్షతో నిర్ధారించుకుంటారు. ఇన్ఫెక్షన్ వచ్చిన మొదటి కొన్ని వారాల్లో యాంటీబాడీ ఇంకా తయారుకాక నెగటివ్ అని కూడా రావచ్చు.

ఇక్కడ వీసా మెడికల్ లో అందరికీ చూసేవి హెచ్ఐవి, టీబీ. టీబీకి ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. హెపటైటిస్ బి మాత్రం ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, సెలూన్ల వాళ్ళు, పసిపిల్లలను చూసుకునేవాళ్ళు, ఇలా కొన్ని ఉద్యోగాలకే. మా తమ్ముడు చేసేది ఫోర్క్‌లిఫ్ట్ పని. ఆ సంగతీ తెలిశాక ఆ రాత్రి ఇద్దరి అన్నం ఒక్కడే తిన్నాడు.

మీ దగ్గర కూడా అర్థంకాని కాగితం ఉంటే, పాజిటివ్ అన్న మాట పక్కన ఉన్నది యాంటీజెనా, యాంటీబాడీయా అని డాక్టరుని అడగండి.