కేకు మీద బొమ్మ కుంగకుండా

పుట్టినరోజు కేకు మీద మట్టిబొమ్మో చెక్కబొమ్మో పెడితే, కాసేపటికే క్రీములోకి కుంగి ఒరిగిపోతుంది. మెత్తటి స్పాంజి బరువు మోయలేదు. ఆ బరువు అడుగునున్న అట్టకు చేరాలి. మిల్క్‌షేక్ తాగే లావుపాటి స్ట్రాలు నాలుగు తీసుకుని, కేకు ఎత్తుకు సరిగ్గా కత్తిరించి, అడుగు అట్ట తగిలేదాకా నిటారుగా గుచ్చండి. బొమ్మ కంటే కాస్త వెడల్పుగా గుండ్రటి దళసరి అట్ట కోసి, అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. బొమ్మను ఈ గుండ్రటి అట్టకు ముందురోజే అంటించి ఆరనిచ్చి, స్ట్రాల మీద ఆనించండి. స్ట్రాలు పొట్టివైతే శ్రమంతా వృథా, కొలత దగ్గర తొందరపడొద్దు. బొమ్మకు తీగ ఉంటే, దాన్ని మాత్రం నేరుగా కేకులో గుచ్చకండి. పిల్లలు తినేది కదా! కేకు కోసేముందు బొమ్మ ఉన్న అట్టను ఎత్తి, స్ట్రాలన్నీ లెక్కపెట్టి తీసేయండి.