జాన్స్‌టౌన్ పైనున్న విహార తటాకము

(రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున ఒక గ్రంథాలయపు కథతో మొదలిడుట ఉచితము. అమెరికా సంయుక్త రాష్ట్రములందలి పెన్సిల్వేనియాలో జాన్స్‌టౌన్ అను పట్టణము గలదు. ఇనుము, ఉక్కు పనులకు అది పేరుపడినది. 1889 మే 31వ తేదీ సాయంకాలము ఆ పట్టణమును, అందలి గ్రంథాలయమును ఒక చెరువు నీరు తుడిచిపెట్టెను. పిమ్మట ఆండ్రూ కార్నెగీ అను ఉక్కు కోటీశ్వరుడు స్వద్రవ్యముతో అచ్చట క్రొత్త గ్రంథాలయమును కట్టించి ఇచ్చెను. ఆ దానము మెచ్చదగినదే. అయితే తెగిన చెరువు ఏ విహార సంఘమునకు చెందినదో, ఆ సంఘమున కార్నెగీయు ఒక సభ్యుడు. జమాను, ఖర్చును ఒకే పుటలో వ్రాసిననే గాని లెక్క కుదురదు.

పట్టణమునకు 14 మైళ్ల ఎగువన, కొండల నడుమ, సౌత్ ఫోర్క్ అను చోట ఆ కట్ట యుండెను. మట్టితోను రాళ్లతోను కట్టినది; 72 అడుగుల ఎత్తు, 900 అడుగులకు మించిన పొడవు. పడవలు నడచు కాలువకు నీరిచ్చుటకై రాష్ట్ర ప్రభుత్వము దీనిని 1853లో ముగించెను. ఇంతలో రైలు వచ్చెను. కాలువతో పని తీరెను. 1857లో కట్ట రైలు కంపెనీకి అమ్ముడయ్యెను. 1862లో తూము వద్ద ఒకమారు గండి పడినది. చెరువులో నీరు తక్కువగా నుండుటచే అప్పటి హాని స్వల్పము.

కట్టినవారు అడుగున ఐదు ఇనుప గొట్టములతో తూము అమర్చిరి. నడుమ వచ్చిన యజమాని ఒకడు వానిని పెరికించి పాత ఇనుము క్రింద అమ్ముకొనెను. 1879లో పిట్స్‌బర్గు ధనికులు చేపలు పట్టుటకు, పడవలలో విహరించుటకు సంఘముగా ఏర్పడి ఆ చెరువును స్వాధీనము చేసికొనిరి. వారు గండిని పూడ్చిరి గాని తూమును మరల పెట్టలేదు. పూడ్చుటలో మట్టి, రాయితోపాటు చెట్టుకొమ్మలు, ఎండుగడ్డి, పేడ సైతము పడినవి. బండ్లు ఎదురుబొదురుగా పోవుటకు దారి చాలదని కట్ట తలను రెండు మూడడుగులు చెక్కివేసిరి. పెంచిన చేపలు తప్పించుకొనకుండ అలుగునకు ఇనుప కంచెలు బిగించిరి. కాలక్రమమున కట్ట నడుమ కొంత క్రుంగెను కూడ.

చెరువు క్రింద సేద్యము చేయు రైతునకు దీనిని విస్తరించి చెప్పనక్కరలేదు. రాతికట్ట మీదుగా నీరు పొరలినను కొంతసేపు ఓర్చును. మట్టికట్టకు ఆ ఓపిక లేదు. వెలుపలి వాలున నీరు జారినకొలది మన్ను కరగి, చారలు గోతులై, గోతులు గండి యగును. అలుగు మట్టముకంటె కట్ట తల ఎంత ఎత్తున నున్నదో అదియే మట్టికట్టకు ప్రాణము. తల చెక్కుట, నడుమ క్రుంగుట, అలుగునకు కంచె వేయుట, ఈ మూడును ఆ ప్రాణమునే కోసినవి. తూము లేనందున నీటిని దించి మరమ్మతు చేయు అవకాశమును పోయెను. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. అందు చెరువునకు ఆరు దోషములు చెప్పి, కట్టనుండి నీరు కారుటను వానిలో చేర్చిరి. సౌత్ ఫోర్క్ కట్టకు ఆ ఊటయు నుండెను.

ఇవి ఎవ్వరికిని తెలియని రహస్యములు కావు. 1880లో జాన్స్‌టౌన్‌లోని కేంబ్రియా ఇనుప కంపెనీ అధిపతి డేనియల్ మోరెల్, జాన్ ఫుల్టన్ అను వానిని పంపి కట్టను పరీక్షింపజేసెను. తూము లేదు, పూడ్చిన చోట ఊట కలదు, అని ఫుల్టన్ తెలిపెను. మోరెల్ మరమ్మతు ఖర్చులో కొంత తమ కంపెనీ భరించునని కూడ వ్రాసెను. సంఘాధ్యక్షుడు బెంజమిన్ రఫ్ భయమేమియు లేదని బదులు వ్రాసి, ఆ సహాయమును త్రోసిపుచ్చెను. ఇది లోభము కాదు. లోభియైనచో ఆ డబ్బును పుచ్చుకొనియుండెడివాడు. తన సొత్తునందు దోషము చూపువానిని సహింపలేని గర్వమిది. కట్ట ఎగువవారిది, ప్రాణములు దిగువవారివి. మోరెల్ 1885లోను, రఫ్ 1887లోను గతించిరి. జరిగినదానిని ఇరువురును చూడలేదు.

1889 మే 30 రాత్రి కుండపోతగా వాన కురిసెను. ఒక్క దినములో 6 మొదలు 10 అంగుళములని అంచనా. మరునాటి ఉదయమున అప్పటి అధ్యక్షుడు ఉంగర్ కూలీలను కూర్చి, కట్ట తలపై దున్నించి మన్ను పోయించెను. ప్రక్కన మరియొక అలుగు త్రవ్వింపబూనెను. రాతినేల గడ్డపారకు లొంగలేదు. కంచెలను తీయబోవునప్పటికి అవి చెత్తతో బిగిసిపోయినవి. పార్క్ అను యువ ఇంజనీరు గుర్రమెక్కి సౌత్ ఫోర్క్ గ్రామమునకు పోయి హెచ్చరించెను. తంతివార్తలు దిగువకు వెళ్లినవి. కాని ఏటేట వాన పడినప్పుడెల్ల ‘కట్ట తెగునట’ అను మాట విని విని, జాన్స్‌టౌన్ జనులకు అది పరిహాసమైపోయెను.

సుమారు మూడు గంటలకు కట్ట నడుమ తెగెను. 2 కోట్ల టన్నుల నీరు లోయవెంట ఊళ్లను, రైలింజన్లను దొర్లించుకొనుచు 4-07 గంటలకు జాన్స్‌టౌన్ చేరెను. అచ్చటి రాతివంతెనకు అడ్డుపడిన ఇండ్ల దూలములకు, ఆ శిథిలములలో చిక్కిన మనుష్యులకు నిప్పంటుకొనెను. నీటిని తప్పించుకొనినవారు కొందరు మంటలో పోయిరి. మృతులు 2,209 మంది. 99 కుటుంబములు నిశ్శేషముగా నశించెను. ఆనవాలు తెలియని శవములు 750కి పైబడినవి.

విహార సంఘమునుండి న్యాయస్థానముల ద్వారా నష్టపరిహారము పొందినవారు ఒక్కరును లేరు. ఇంజనీర్ల సంఘమొకటి విచారించి, కట్ట మొదటి రూపున నున్నను ఆ వానకు తెగియే యుండెడిదని 1891లో ప్రకటించెను. ఈ తీర్పు చాల కాలము నిలిచెను. 2016లో ప్రచురితమైన పరిశోధనలో కొలతలన్నియు మరల లెక్కగట్టి, తల చెక్కుటచేతనే నీరు సురక్షితముగా వెడలు శక్తి మిక్కిలి తగ్గెననియు, మొదటి రూపున నున్నచో కట్ట నిలిచెడిదనియు తేల్చిరి. నూటయిరువదియేడు సంవత్సరముల తరువాత లెక్క సరిదిద్దబడెను.

కార్నెగీ కట్టించిన గ్రంథాలయ భవనము నేడు ఆ వరదను గూర్చిన ప్రదర్శనశాలగా నున్నది. ఎగువన కట్ట యొక్క రెండు కొనలు మాత్రము మిగిలియున్నవి. వాని నడుమ ఏరు పారుచున్నది.