రుజువు అడిగే నవ్వు



కాలేజీ హాస్య చిత్రాల్లో ఆడామగా వేషాలు మార్చుకునే పాత్రల గురించి ఈ రోజంతా మాట్లాడుకోబోతున్నాం. ఇంత తేలిక సినిమాలకు సదస్సు అవసరమా అని అడిగేవారున్నారు. అవసరమే. ఎవరిని చూసి నవ్వవచ్చో, ఎవరిని ప్రేమించకూడదో కుర్రకారు నేర్చుకున్నది చాలావరకు ఇలాంటి సినిమాలు ఆడిన హాళ్లలోనే.

ఈ కోవలో పాతది బ్రాండన్ థామస్ నాటకం 'చార్లీస్ ఆంట్'. 1892 నాటిది. లండన్‌లో 1,466 ప్రదర్శనలు ఆడింది, ఆ తరువాత పలుమార్లు సినిమాగా వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులిద్దరు తమకు నచ్చిన అమ్మాయిలను గదికి భోజనానికి పిలుస్తారు. పెద్దావిడ తోడు లేనిదే ఆ పిల్లలు రాకూడదు. బ్రెజిల్ నుంచి దిగవలసిన, వారిలో ఒకడైన చార్లీ అత్త సమయానికి రాకపోవడంతో ఒక స్నేహితుడికి గౌను తొడుగుతారు. అప్పటికి ఆక్స్‌ఫర్డ్‌లో ఆడపిల్లలు చదువుతూనే ఉన్నారు, కానీ 1920 దాకా వాళ్లకు డిగ్రీ ఇవ్వలేదు. చదువుకున్న స్త్రీకి దక్కని చోటు ఆడవేషానికి దక్కిందన్నమాట.

2002లో వచ్చిన 'సొరోరిటీ బాయ్స్'లో ముగ్గురు కుర్రాళ్లు, తాము నిన్నటిదాకా కుక్కలని వెక్కిరించిన అమ్మాయిల వసతిగృహంలోనే ఆడవేషాలతో తలదాచుకుంటారు. మగచూపు ఒంటి మీద పడితే ఎలా ఉంటుందో వాళ్లకు తెలిసొస్తుంది. మంచి ఊహే. అయితే ఆ అమ్మాయిలు పడుతున్న అవమానం మగవాడి ఒంటికి తగిలాకే సినిమాకు అది బాధగా కనబడుతుంది. నాకు ఇక్కడే అభ్యంతరం.

నేను ముఖ్యంగా చెప్పదలచింది మరో రెండు సినిమాల గురించి. ఇవి కాలేజీ గడపకు కాస్త ఇవతలి బడి కథలు. 'జస్ట్ వన్ ఆఫ్ ద గైస్' (1985)లో టెర్రీ, తన రాతను మాస్టారు లెక్కచేయడం లేదని అబ్బాయిగా వేరే స్కూల్లో చేరుతుంది. 'షీ ఈజ్ ద మ్యాన్' (2006)లో వయోలా, తన స్కూల్లో అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టును ఎత్తేస్తే కవల సోదరుడు సెబాస్టియన్ వేషంలో అతని బడికి వెళ్తుంది. అక్కడ ఒలీవియా ఆమెనే అబ్బాయనుకుని మనసు పడుతుంది. ఒకే గదిలో ఉండే డ్యూక్ ఆమెను స్నేహితుడనుకుని మనసు విప్పుతాడు. పేరు పెట్టడానికి వీల్లేని ఆ దగ్గరితనాన్ని సినిమా కాసేపు తెరమీద ఉండనిస్తుంది. అంతలోనే సినిమాకు భయం పట్టుకుంటుంది. మగవాడు మగవాణ్ని ఇష్టపడ్డాడేమో అన్న అనుమానం ప్రేక్షకుడిలో మిగలకూడదు. అందుకే రెండు సినిమాల్లోనూ అమ్మాయి చొక్కా తొలగించి, ఒళ్లు చూపించి, తాను ఆడదాన్నని రుజువు చేసుకోవాలి. ఆ రుజువు అందాకే ప్రేమకు అనుమతి.

ఇలా ఒంటి రుజువు అడగడం అమెరికా గొడవ అని మనం పక్కన పెట్టలేం. శస్త్రచికిత్స జరిగితేనే లింగ గుర్తింపు ఒప్పుకుంటామనడం అనైతికం, చట్టవిరుద్ధం అని ట్రాన్స్‌జెండర్ల హక్కులపై వచ్చిన నల్సా కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. హిజ్రాలు ఆడదుస్తుల్లో వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడినా పాడినా వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చన్న నిజాం కాలపు 1919 నాటి చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో గాని కొట్టివేయలేదు. రంగస్థలం మీద సత్యభామ వేషం కట్టిన స్థానం నరసింహారావుగారిని నెత్తిన పెట్టుకున్నదీ, 'చిత్రం భళారే విచిత్రం' సినిమాలో నరేశ్ ఆడవేషానికి పడిపడి నవ్వినదీ ఈ తెలుగువాళ్లమే. వేదిక మీద వేషానికి చప్పట్లు కొట్టి, వీధిలో అదే బతుకైనవాళ్లకు సంకెళ్లు వేసే చట్టాన్ని అన్నేళ్లు ఎలా సహించామన్నది మన పరిశోధకులు తేల్చవలసిన విషయం.

పత్రాలు చదవబోయే మిత్రులకు ఒక మనవి. కథ చెప్పి ఆగిపోకండి. రుజువు చూపించే సన్నివేశానికి ముందు ఎవరు ఎవరిని ఇష్టపడ్డారో, తరువాత ఆ ఇష్టం ఏమైందో వెతకండి. ఒలీవియానే చూడండి. చివరికి ఆమెకు అసలు సెబాస్టియన్‌ను జత చేస్తారు. కానీ ల్యాబులో ఆమె పక్కన కూర్చుని కబుర్లు చెప్పింది వయోలా. ఆ సంగతి తెలిశాక నీకేమనిపించిందమ్మా అని సినిమా ఆ పిల్లను నిలబడి అడగదు.