తేలని రిపోర్టు



రొమ్ములో గడ్డకు సూది పరీక్ష చేయించుకొనిన మన స్త్రీలలో కొందరికి "ఏటిపియా" అని రిపోర్టు వచ్చుచున్నది. క్యాన్సరు అని దాని అర్థము కాదు, కాదనియు కాదు. కణముల రూపము కొంత మారినది, ఇంతమాత్రముతో తేల్చలేమని డాక్టరుగారి మాట. ఎక్కువమందికి తుదకు అది క్యాన్సరు కాదనియే తేలుచున్నది. అయినను తేల్చుకొనక మానరాదు.

సన్నసూదికి వచ్చునవి విడి కణములే. అవి గడ్డలో ఏ తీరున అమరియున్నవో తెలియదు. అందుకే లావుసూదితో చిన్న ముక్క తీయుదురు. దీనినే కోర్ బయాప్సీ అందురు. అదియు తేల్చనియెడల గడ్డనే తీసి చూతురు. ఆ ముక్కను మైనపు దిమ్మలో భద్రపరచుదురు గనుక, దిమ్మను, స్లైడులను అడిగి తీసికొని మరియొక పెథాలజిస్టుకు చూపవచ్చును. చెరువు లీజు కాగితమునైతే ఇద్దరు ప్లీడర్లకు చూపుదుము గదా!

ఎదురుచూచు దినములే కష్టము. నిద్ర పట్టదు, అన్నము సహించదు. అట్టి సహోదరితో "విశ్వాసముంటే భయమెందుకు?" అనుట మాకు సరిగా తోచదు. గెత్సేమనేలో ప్రభువే వేదనపడెను. ప్రార్థించుదము, కాని ప్రార్థన పేరున పరీక్ష మాన్పింపవద్దు. మండవల్లి నుండి ఏలూరుకో గుడివాడకో ఆసుపత్రికి వెళ్లునాడు ఒకరు తోడు పొండి. డాక్టరుగారిని అడగవలసినవి కాగితముపై వ్రాసి యిండి. మరల ఎప్పుడు రమ్మనిరో ఆ తేదీని ఇంటివారికి కూడ చెప్పుడి.