నెలకు ఎన్ని రోజులు గోలి వేసుకుంటున్నావ్?

అల్ ఖర్జ్ నుంచి మాట్లాడుతున్నా. ఈ వారం ముచ్చట తలనొప్పి గురించి. మామూలు తలనొప్పి కాదు, మైగ్రేన్. మన దగ్గర ఒంటితల నొప్పి, పార్శ్వపు నొప్పి అంటారు.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ను కాదు. ఇక్కడ ఒక పాడి ఫారంలో మెకానిక్‌ని. పదేళ్ళుగా ఈ నొప్పితో కాపురం చేస్తున్నవాణ్ణి. అందులో చాలా ఏళ్ళు తప్పుగా చేశాను. ఆ తప్పు మీరు చేయొద్దనే ఈ ఎపిసోడ్.

అల్ ఖర్జ్ ఎక్కడుందో తెలియనివాళ్ళకు: రియాద్‌కు ఆగ్నేయంగా దాదాపు 80 కిలోమీటర్లు. ఎడారి నడుమ పెద్ద పెద్ద పాడి ఫారాలు. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటుతుంది. కొట్టాల్లో ఆవుల కోసం ఫ్యాన్లు తిరుగుతుంటాయి, నీటి తుంపరలు పడుతుంటాయి. వేడి తగిలితే పాలు తగ్గుతాయి కదా. ఆవుకు వేళకు నీళ్ళు అందకపోతే ఏమవుతుందో మాకందరికీ తెలుసు. మన ఒంటి సంగతే తెలియదు.

నాకు నొప్పి వచ్చినప్పుడల్లా రూమ్‌లో అందరిదీ ఒకటే మాట: "ఎండ కొట్టిందన్నా, గోలి వేసుకో." వేసుకునేవాణ్ణి. బకాలాలో కూడా దొరికే పనడాలే కదా అని రెండు వేసుకుని డ్యూటీకి పోయేవాణ్ణి. నాగా పడితే ఓవర్‌టైమ్ పోతుంది. మాటిమాటికీ పడుకుంటే అన్‌ఫిట్ అని ఇంటికి పంపిస్తారేమో అని భయం. ఊళ్ళో అప్పు అట్లనే ఉంది. చివరికి ఎట్లయిందంటే, పొద్దున లేవగానే నొప్పి ఉన్నా లేకున్నా "రాకముందే" అని ఒకటి వేసుకునేవాణ్ణి. నొప్పి తగ్గలేదు, రోజూ రావడం మొదలైంది.

ఒకచోట గ్యాస్ అన్నారు, ఇంకోచోట కళ్ళద్దాలు మార్చమన్నారు. ఆఖరికి నరాల డాక్టర్ దగ్గరికి పోతే, ఆయన మొదట అడిగింది ఒకటే: "నెలకు ఎన్ని రోజులు గోలి వేసుకుంటున్నావ్?" నేను జవాబు చెప్పలేకపోయా. రూమ్‌కు వచ్చి డబ్బాలో పడేసిన ఖాళీ షీట్లు లెక్కపెట్టా. దాదాపు 22 రోజులు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. మైగ్రేన్ ఉన్నవాళ్ళు నొప్పి గోలీలు ఎక్కువ రోజులు వాడితే, ఆ గోలీలే కొత్త తలనొప్పి తెస్తాయి. వట్టి పారాసెటమాల్ అయితే నెలకు 15 రోజులు, కెఫీన్ లాంటివి కలిసినవైతే, మైగ్రేన్‌కే ఇచ్చే ట్రిప్టాన్ మందులైతే 10 రోజులు. మూడు నెలలకు మించి ఆ లెక్కకు చేరితే అనుమానించాలి. మనం వాడే పనడాల్ ఎక్స్‌ట్రాలో 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్‌తో పాటు 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అంటే పది రోజుల లెక్కే. జలుబు గోలీల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది. రెండూ కలిపి వేసుకుంటే కాలేయానికి ప్రమాదం.

ఇంతకీ మైగ్రేన్ అంటే ఏంది? ఇది మెదడుకు, నరాలకు సంబంధించిన జబ్బు. ప్రపంచంలో సుమారు ఏడుగురిలో ఒకరికి ఉంటుంది, మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు ఎక్కువ. తరచుగా తలకు ఒకపక్క కొట్టుకున్నట్టు నొప్పి, మెట్లెక్కితే ఇంకా ఎక్కువవుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది, వెలుతురు, చప్పుడు ఓర్చుకోలేం. మందు లేకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. కొందరికి నొప్పికి ముందు కళ్ళ ముందు వంకరగీతలు, మెరుపులు కనిపిస్తాయి. దాన్ని ఆరా అంటారు. ఆరా వచ్చే ఆడవాళ్ళు గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి. ఈస్ట్రోజన్ ఉన్నవాటితో పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

డాక్టర్ నన్ను ఒక నోట్‌బుక్ పెట్టమన్నాడు. నొప్పి ఎప్పుడొచ్చింది, ఆ ముందురోజు ఏం జరిగింది, ఏం గోలి వేసుకున్నా. అంతే. రెండు నెలలు రాశా. చూస్తే, ఎండలో పనిచేసిన రోజులకంటే శుక్రవారాలే ఎక్కువ ఉన్నాయి!

ఆలోచిస్తే అర్థమైంది. మామూలు రోజుల్లో నాలుగున్నరకు లేస్తా, పదిలోపు మూడు నాలుగు సులేమానీలు తాగుతా. శుక్రవారం సెలవు. పదకొండు దాకా నిద్ర. నాస్తా లేదు, చాయ్ లేదు. నిద్ర ఎక్కువ, కడుపు ఖాళీ, అలవాటైన కెఫీన్ అందలేదు. మూడూ కలిసి ఒకేసారి కొట్టేవి. తర్వాత ఎక్కువ నొప్పి వచ్చింది నైట్ షిఫ్ట్ నుంచి డేకి మారిన రోజుల్లో. మైగ్రేన్ ఉన్న మెదడుకు మార్పు పడదు. ఎండ, ఆ తెల్లటి వెలుతురు, దుమ్ము, నీళ్ళు తాగకపోవడం కూడా తోడవుతాయి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు నేరుగా ఎండలో పనిచేయించొద్దని ఇక్కడి రూల్. ఆ గంటల్లో ఫోన్ చూడకుండా చీకట్లో కళ్ళు మూసుకోండి. రంజాన్‌లో ఉపవాసం ఉండేవాళ్ళు నెల ముందే డాక్టర్‌తో మాట్లాడి చాయ్ కొంచెం కొంచెంగా తగ్గించుకోవడం మంచిది.

గోలీలు ఆపడం తేలిక కాదు. మొదటి పది రోజులు నరకం. వాంతులు, నిద్ర లేదు. డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తే సిక్ లీవ్ పెట్టా. సౌదీ కార్మిక చట్టంలో ఏడాదికి మొదటి 30 రోజుల సిక్ లీవ్‌కు పూర్తి జీతం, తర్వాతి 60 రోజులకు ముప్పావు జీతం, ఆపై 30 రోజులు జీతం లేకుండా. ఇళ్ళలో పనిచేసే అక్కలకు, డ్రైవర్ తమ్ముళ్ళకు రూల్స్ వేరు, చూసుకోండి. ఆపేది కూడా సొంతంగా కాదు, డాక్టర్ చెప్పినట్టే.

నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందులు వేరే ఉన్నాయి. మీ పని ఏందో డాక్టర్‌కు చెప్పకుండా తీసుకోవద్దు. ఆస్తమా ఉంటే ప్రొప్రనలాల్ పనికిరాదు. ఎమిట్రిప్టిలిన్‌తో మత్తు వస్తుంది, బండి నడిపేవాళ్ళు చెప్పాలి. టోపిరమేట్ కొందరికి చెమట తగ్గిస్తుంది, ఇక్కడి ఎండలో బయట పనిచేసేవాళ్ళకు అది ప్రమాదం. గుండెజబ్బు ఉన్నవాళ్ళకు ట్రిప్టాన్లు ఇవ్వరు. నొప్పి వచ్చినప్పుడు వేసుకునే మందు మాత్రం నొప్పి చిన్నగా ఉన్నప్పుడే వేసుకుంటే పనిచేస్తుంది.

భాష రాదని ఆగకండి. అరబ్బీలో "షకీకా" అనండి, హిందీ, ఉర్దూ వచ్చినవాళ్ళకు "ఆధా సీసీ" అనండి, అర్థమవుతుంది. ఊరి నుంచి ట్రమడాల్, కోడీన్ ఉన్న గోలీలు మాత్రం అనుమతి లేకుండా తెచ్చుకోవద్దు. ఇక్కడ అవి నియంత్రణలో ఉన్న మందులు, కేసవుతుంది.

కొన్ని తలనొప్పులకు నోట్‌బుక్ పనికిరాదు. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చేది, జ్వరంతో మెడ పట్టేసేది, మాట తడబడి కాలో చెయ్యో పడిపోయేది, తలకు దెబ్బ తగిలాక వచ్చేది, 50 దాటాక మొదటిసారి వచ్చేది. ఎండలో పనిచేస్తూ మనిషి తికమకగా మాట్లాడితే అది వడదెబ్బ. వెంటనే నీడకు తెచ్చి, ఒళ్ళు తడుపుతూ 997కు ఫోన్ చేయండి.

ఇప్పుడు నాకు నెలకు ఐదారు రోజులు వస్తుంది. పోలేదు, కానీ బతకొచ్చు. శుక్రవారం కూడా అదే టైమ్‌కు లేచి, ఒక సులేమానీ తాగి, ఏదైనా తిని మళ్ళా పడుకుంటా.

ఒక్క మాట మిగిలింది. ఇది వంశంలో వస్తుందని డాక్టర్ చెప్పినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో బీడీలు చుట్టేది. నెలకు నాలుగైదు సార్లు తలకు గుడ్డ కట్టుకుని చీకటి అర్రలో పడుకునేది. ఇంట్లో అందరం నఖరాలు అన్నాం. నేనూ అన్నా. ఆ రాత్రే ఫోన్ చేసి, "అమ్మా, నీ నొప్పికి పేరుంది, మందు కూడా ఉంది" అని చెప్పా. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీకూ వస్తుందా బిడ్డా?" అని అడిగింది.

మీ ఇంట్లో కూడా అట్ల పడుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ వారం ఒకసారి ఫోన్ చేయండి. నెలకు ఎన్ని రోజులు గోలి వేసుకుంటున్నారో అడగండి. ఉంటా మరి.