సాయంత్రం బడికి నెలకు రెండు వందలు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు పది నిమిషాలు ఇచ్చారు. నేను ఇరవై ఎనిమిదేళ్ళు సిగ్నల్స్‌లో పనిచేసినవాణ్ణి. మెసేజి పొట్టిగా పంపడం అలవాటే గానీ, మైకు ముందు ఆ అలవాటు నిలుస్తుందని హామీ ఇవ్వలేను.

మనం నడుపుతున్న సాయంత్రం బడి గురించి చెబుతాను. పుణెలో మన హాలు మీకందరికీ తెలుసు. దాని వెనక బస్తీలో ఉండేవాళ్ళు ఎక్కువగా మహబూబ్‌నగర్, నారాయణపేట వైపు నుంచి వచ్చిన పాలమూరు మేస్త్రీలు, కూలీలు. మనం పోస్టింగు మీద ఊరొదిలాం, వాళ్ళు కరువు మీద వదిలారు. వాళ్ళ పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీ చదువుతారు. హోంవర్కులో ఏముందో చూసి చెప్పడానికి తల్లికి ఆ లిపి రాదు.

2022 జూన్‌లో వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం నేను, మా ఇంటావిడ హాలుకు వచ్చాం. మెట్ల మీద మూడో తరగతి పిల్ల ఒకతి కూర్చుని ఉంది. చంకలో రెండేళ్ళ తమ్ముడు. ఇద్దరూ తడిసి ఉన్నారు. ఇంటికి పోలేదేమమ్మా అని అడిగింది మా ఆవిడ. "తాళంచెవి అమ్మ కాడున్నది అవ్వా" అంది. అమ్మ ఎప్పుడొస్తుందంటే, "స్లాబు పని ఉంటే ఎనిమిదైతది."

బడి అయిదింటికి వదులుతారు. అంటే మూడు గంటలు. మన పిల్లలు అవే మూడు గంటలు క్వార్టర్ల మధ్య గ్రౌండులో ఆడుకున్నారు, ఇంటికొచ్చి పాలు తాగారు, ట్యూషనుకు పోయారు. మనం బోర్డరులో ఉన్నా ఇక్కడ వాళ్ళను చూసే మనిషి ఉన్నాడు. అదే కంటోన్మెంటు పక్కన, అవే మూడు గంటలు, తాళం వేసిన తలుపు ముందు.

చట్టం ఏం చెబుతుందో నేను కొంత చదివాను. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళకు ఉచిత చదువు. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. యాభై మందికి మించి ఆడకూలీలు ఉన్న చోట ఆరేళ్ళ లోపు పిల్లలకు శిశుగృహం ఉండాలంది. ఈ రెంటి మధ్యా పడిపోయింది ఏడేళ్ళ పిల్ల సాయంత్రం. బడి గంట కొట్టాక తల్లి వచ్చేదాకా ఎవరి డ్యూటీ అన్నది ఈ రెండు చట్టాల్లోనూ లేదు. కూలీల పిల్లల గురించి 1969లోనే ఢిల్లీలో మీరా మహదేవన్ గారు మొబైల్ క్రెషెస్ మొదలుపెట్టారు. ఇసుక గుట్టల పక్కన పిల్లలను చూసి ఒక డేరా వేయించడంతో మొదలైన పని అది. మనకు డేరా కూడా అక్కర్లేదు, హాలు ఉంది. వారంలో ఆరు రోజులు దానికి మనం తాళమే వేసి ఉంచాం.

సరే, చందాలు అడిగాం. మీరు ఇచ్చారు. నెలలో లక్షన్నర వచ్చింది. అక్కడే నేను తప్పు చేశాను. ఖాతా చూసేవాణ్ణి నేనే కాబట్టి తప్పు నాదే. బల్లలు కొన్నాం, బోర్డు కొన్నాం, రెండు కంప్యూటర్లు కొన్నాం. ప్రారంభోత్సవానికి షామియానా వేయించాం, ఫొటోలు దిగాం. పాఠం చెప్పడానికి బస్తీలోనే డిగ్రీ చదివిన అమ్మాయిని పెట్టాం. డిసెంబరు వచ్చేసరికి ఆ అమ్మాయికి రెండు నెలల జీతం బాకీ. అడగలేక అడిగింది. జనవరిలో బట్టల దుకాణంలో చేరిపోయింది. 2023 జనవరి నుంచి మే వరకు బడి మూత. కంప్యూటర్ల మీద దుమ్ము పడింది.

మన భాషలో చెప్పాలంటే, నేను బడాఖానా పెట్టి లంగరు సంగతి మర్చిపోయాను. బడాఖానాకు అందరూ వస్తారు. రోజూ పొద్దున్నే పొయ్యి వెలిగించేవాడికి రేషను ఎక్కడిదని ఎవరూ అడగరు. బ్యాగులకు, నోటుపుస్తకాలకు ఇప్పటికీ అడగకుండానే డబ్బులిస్తారు. టీచరు జీతానికి అంటే, "అది మీరేదో చూసుకోండి" అంటారు. బ్యాగు ఫొటోలో పడుతుంది, జీతం పడదు.

జూన్‌లో మళ్ళీ తెరిచాం. ఒక్కడు తప్ప అందరూ వచ్చారు. రానివాడు ఏడో తరగతి, లెక్కల్లో చురుకు. ఆ అయిదు నెలల్లో వాళ్ళ మామ టీ బండి దగ్గర గ్లాసులు కడగడానికి పోయి, తర్వాత బడే మానేశాడు. రెండుసార్లు వాళ్ళింటికి పోయి బతిమాలాను. ఇప్పుడు నేను ఆ దారిన పోతే "నమస్తే సార్" అని టీ ఇస్తాడు, డబ్బులు తీసుకోడు. ఆ దారిన పోవడం తగ్గించాను.

ఫీజు సంగతి. మొదట ఉచితం అన్నాం. రెండోసారి తల్లులనే పిలిచి అడిగాం. ఒకావిడ లేచి, "పైసలు కట్టకుంటే అడగనీకి నోరు రాదు సార్. మొన్న బడి బందు పెడితే ఎందుకు పెట్టిండ్రని ఎట్ల అడుగుతం?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. నెలకు వంద పెట్టాం. ఒకే ఇంటి నుంచి ఇద్దరొస్తే ఒకరిదే. పని దొరకని నెల కట్టకపోతే అడగం, ఎవరు కట్టారో బోర్డు మీద రాయం. దాతల పేర్లూ రాయం, దీని మీద కమిటీలో కాస్త గట్టిగానే వాదన అయింది. రోజూ తెలుగు నేర్పాలని ఇంకో వాదన. తెలుగు మీద నాకూ ప్రేమే, కానీ రేపు పొద్దున్న మరాఠీ టీచరు ముందు నిలబడాల్సింది ఆ పిల్ల. హోంవర్కు ముందు. తెలుగు శనివారం.

ఇక లెక్క. పిల్లలు 34 మంది. ఇద్దరు టీచర్లకు తలా 7,000, మొత్తం 14,000. పోయిన టీచరమ్మాయే తిరిగొచ్చింది, పాత బాకీ ముందు తీర్చాకే. అటుకులో, ఉడికించిన శనగలో, అరటిపండో మనిషికి రోజుకు 8 రూపాయలు, నెలకు సుమారు 6,500. కరెంటు, సుద్దముక్కలు, చిల్లర 1,500. మొత్తం 22,000. ఫీజు కింద 3,400 వస్తుంది, అదీ అందరూ కడితే. మిగిలింది 18,600. నెలకు రెండు వందల చొప్పున 93 మంది ఇస్తే సరిపోతుంది.

ఈ రోజుకు ఇస్తున్నవారు 61 మంది. లోటు నేను, ఇంకో నలుగురం పూడుస్తున్నాం. మాకు వయసైపోతోంది, అలా ఎంతకాలమో చెప్పలేను. ఒక పెద్దాయన ఒకేసారి పదివేలు ఇస్తానన్నారు. వారికి నమస్కారం, కానీ నెలకు రెండు వందలే ఇవ్వండి, యాభై నెలలు ఇవ్వండని అడిగాను. కోపం తెచ్చుకున్నారు, మర్నాడు ఫారం నింపి పంపారు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు ఒక్క మాట. పోస్టింగ్ ఆర్డరు రాగానే ముందు ఈ రెండు వందలే ఆగిపోతున్నాయి. పోస్టింగు మీకు వస్తుంది, మీ బ్యాంకు ఖాతాకు రాదు. లేహ్ పోయినా, పోర్ట్‌బ్లెయిర్ పోయినా, స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ దాని పని అది చేసుకుంటుంది.

మెట్ల మీద కూర్చున్న పిల్ల ఇప్పుడు పెద్ద క్లాసులోకి వచ్చింది. తమ్ముణ్ణి ఇంకా తెస్తోంది. వాడు చిన్నవాడని వద్దంటే ఆ పిల్లా రాదు కాబట్టి, మా ఆవిడ వాడికి ఒక మూల చాప వేసింది. వాడి పేరు రిజిస్టరులో లేదు, అటుకుల లెక్కలోకి మాత్రం వస్తాడు.

ఫారాలు వెనక బల్ల మీద ఉన్నాయి, పెన్ను దారంతో కట్టి ఉంది. ఇంకా 32 మంది కావాలి. భోజనాల బల్లకు దారి అటునుంచే పెట్టించాను, అది నేను కావాలని చేసిన ఏర్పాటే. సెలవు.